ఇది ఏ రకం రాత?

పొన్నూరుకీ చేబ్రోలుకీ మధ్య తారురోడ్డు దిగి, పంటకాలవ గట్టు వెంట నడిస్తే మా పాలెం వస్తుంది. వరి కోతలు అవగానే అదే పదునులో మినుము, పెసర జల్లుకునే మాగాణి నేల. పాలెంలో ఎవరికీ చెప్పుకోదగ్గ భూమి లేదు. పనులన్నీ ఊళ్లో రైతుల చేలల్లోనే. పాలెం తూర్పు కొసన సున్నం కొట్టిన గోడలతో గుడి ఉండేది. చర్చి అనే మాట మేం పొన్నూరు వెళ్తేనే వినేవాళ్లం, మాకది గుడే. దూలానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్కే దాని గంట. గుడి వెనక రెండు గదుల పెంకుటిల్లు ఉపదేశిగారిది. ఆ ఉపదేశి మా తాతయ్య. 1970ల నడిమి సంవత్సరాల్లో నా బాల్యమంతా ఆ పెంకుటింటి అరుగు మీదే గడిచింది.

ఉపదేశి అంటే ఎవరో ఈ తరానికి చెప్పాలి. పాస్టరుగారు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒక్కరే. ఆయన సైకిలు మీద వచ్చి ప్రభుభోజన సంస్కారం ఇచ్చి, బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ ఉంటే జరిపించి వెళ్లేవారు. మిగతా ఆదివారాల్లో ఆరాధన నడపడం, పిల్లలకు పాఠాలు చెప్పడం, జబ్బుపడ్డవాళ్ల మంచం పక్కన కూచోవడం, చావు జరిగిన ఇంట వాక్యం చదవడం, ఇదంతా ఉపదేశి పని. జీతం నామమాత్రం. పైన ఆడవాళ్లు అన్నం వండేటప్పుడు తీసి పక్కన పెట్టిన పిడికెడు బియ్యం. 1842 జూలై 31న మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి లూథరన్ సంఘం పల్లెల్లో నిలబడిందంటే ఈ ఉపదేశుల కాళ్ల మీదే నిలబడింది. చరిత్ర పుస్తకాల్లో దొరల పేర్లున్నాయి. వీళ్ల పేర్లు ఏ కొద్దిమందివో తప్ప లేవు.

తాతయ్య కుర్రతనంలో రాజమండ్రి లూథర్‌గిరిలో కొన్నాళ్లు చదువుకున్నాడు. అక్కడి నుంచి తెచ్చుకున్నవి రెండు: నల్ల అట్ట బైబిలు, పొడుగాటి చిట్టా పుస్తకం. షావుకార్లు బాకీలు రాసుకునే లాంటి ఆ పుస్తకంలో తాతయ్య మాటలు రాసుకున్నాడు. ఎడమవైపు బైబిల్లోని మాట, కుడివైపు దాని వివరం, కింద అది వచ్చే చోట్లు. నిబంధన, మందసము, ఎఫోదు, శేషము, ప్రాయశ్చిత్తము, సునాదము, సెలా. ప్రతి మాటకీ కింద రెండు మూడు వరుసల ఖాళీ వదిలేవాడు. కొత్త సంగతి తెలిసినప్పుడల్లా ఆ ఖాళీలో వేరే రంగు సిరాతో చేర్చేవాడు.

సాయంత్రం దీపం పెట్టాక అరుగు మీద మాకు చదువు. అన్నయ్యా, నేనూ, పాలెం పిల్లలు ఇంకొందరూ వంతులవారీగా ఒక్కో భాగం చదవాలి. చదవడం అయ్యాక తాతయ్య అర్థం అడిగేవాడు కాదు. మొదట ఒకటే ప్రశ్న.

"ఇది ఏ రకం రాత తల్లీ?"

దానికి జవాబు ఒక్క మాటలో చెప్పాలి. వంశావళి, ఆజ్ఞ, కీర్తన, సామెత, విలాపం, ప్రవచనం, ఉపమానం, పత్రిక, దర్శనం. అది తేలేదాకా అర్థం జోలికి పోనిచ్చేవాడు కాదు. "పాటను పట్టుకుని చట్టమని చదివినా, చట్టాన్ని పట్టుకుని పాటని చదివినా దేవుడు అనని మాట ఆయన నోట్లో పెట్టినట్టే" అనేవాడు.

నిజానికి ఈ తేడాలు గుడిలో ఆరాధన క్రమమే మాకు నేర్పింది. లూథరన్ ఆరాధనలో పాఠాలు మూడు. పాత నిబంధన పాఠం, పత్రిక పాఠం, సువార్త పాఠం. మొదటి రెండూ కూచుని వింటాం. సువార్త పాఠం అనగానే చాపల మీద కూచున్న పాలెమంతా లేచి నిలబడేది, చంటిపిల్లల తల్లులతో సహా. అక్షరం ముక్క రాని మా నానమ్మకి కూడా పత్రిక వేరు, సువార్త వేరు అని ఒంటికి తెలుసు. పత్రిక అంటే పొన్నూరు బస్టాండులో అమ్మే వారపత్రిక లాంటిదేనా అని మా జట్టులో చిన్నవాడొకడు అడిగితే, తాతయ్య పోస్టుకార్డు తెచ్చి చూపించాడు. పౌలు కొరింథులో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం అది, వాళ్లు అడిగిన ప్రశ్నలు మన దగ్గర లేవు, ఈయన ఇచ్చిన జవాబులే ఉన్నాయి, కాబట్టి ప్రశ్న ఏమై ఉంటుందో ఆలోచిస్తూ చదవాలి అన్నాడు. పత్రికలు ఎలా చదవాలన్నదాని గురించి ఆ తర్వాత నేను చదివిన లావుపాటి పుస్తకాలన్నీ ఈ మాట దగ్గరే మొదలవుతాయి.

ఆ నల్ల బైబిలు గురించి కొంచెం చెప్పాలి. అంచులకు ఎర్రరంగు, చేయి తగిలే చోట ఆ రంగు పోయి కాగితం బయటపడింది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో సూచనలుండేవి. కొన్ని "లేక" అని మొదలయ్యేవి, కొన్ని "మూలభాషలో" అని. ఆ రెండో మాట నన్ను పట్టుకుంది. మూలభాష ఏమిటి? మేం చదివేది తెలుగే కదా? తాతయ్య 119వ కీర్తన తీయమన్నాడు. 176 వచనాలతో బైబిలు మొత్తంలో అతి పెద్ద అధ్యాయం అది. ప్రతి ఎనిమిది వచనాలకూ పైన ఒక వింత మాట ఉంటుంది. ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్. ఇవి హెబ్రీ అక్షరాలు, మొత్తం 22, మొదటి ఎనిమిది వచనాలూ మూలభాషలో ఆలెఫ్‌తో మొదలవుతాయి, తర్వాతి ఎనిమిదీ బేత్‌తో, అట్లా చివరిదాకా, అని చెప్పాడు. అ ఆ ఇ ఈ వరసలో పద్యాలల్లినట్టు. తెలుగులోకి వచ్చేసరికి ఆ కట్టడం నిలవలేదు, పైన అక్షరాల పేర్లు మాత్రం మిగిలాయి. ఆ వేసవిలో మేం ఆ పేర్లు వరసగా వల్లెవేశాం. కుడి నుంచి ఎడమకు రాసే భాష ఒకటుందనీ, మనం చదివే ప్రతి మాట వెనకా ఇంకో మాట ఉందనీ మాగాణి మధ్యలోని పాలెం పిల్లలకు తెలిసింది అట్లా.

కీర్తనల పైన ఉండే ముక్కలంటే నాకు ఇంకా ఇష్టం. ప్రధానగాయకునికి అని ఉంటుంది. తంతివాద్యాల మాట ఉంటుంది. గిత్తీతు అనే పేరేదో ఉంటుంది. 120 నుంచి 134 వరకు పదిహేనింటికి యాత్రకీర్తన అని ఉంటుంది, యెరూషలేముకు పండుగకు ఎక్కిపోయే జనం పాడుకునేవని చెబుతారు. ఇవేవీ మాకు వింతగా తోచలేదు. మేం పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కూడా ప్రతి పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు అట్లాగే రాగతాళాలతో పాలేలకు చేరాయి. పాట అన్నాక నెత్తిన రాగం పేరు ఉండాలి, దావీదు పాటకూ ఉంది. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు దాటేసి పోయే ఆ శీర్షికలను మేం గౌరవంగా చదివేవాళ్లం.

ఇక సెలా. కీర్తనల్లో 71 సార్లు, హబక్కూకు ప్రార్థనలో 3 సార్లు వచ్చే మాట. తెలుగులోనూ అట్లాగే ఉంచేశారు. దాన్ని పైకి చదవాలా, వదిలేయాలా అని అన్నయ్యకూ నాకూ పెద్ద తగువు. తాతయ్య చిట్టా తీశాడు. సెలా అన్న మాటకు ఎదురుగా ఇట్లా ఉంది: సంగీతపు గుర్తు, వాద్యం వాయించమనో, ఆగమనో, పండితులకు తేలలేదు. అక్కడ సిరా రంగు ఒకటే. చేర్చడానికి ఆయనకు కొత్త సంగతి ఏమీ దొరకలేదన్నమాట. "తెలియని చోట తెలియదని రాసుకున్నాను. మీరు అక్కడ కాస్త ఆగి, ముందుకు పొండి" అన్నాడు. దైవశాస్త్రం చదువుకున్నవాళ్లలో కూడా ఈ మాట అనగలిగినవాళ్లు తక్కువ.

కాలవకి అవతల ఆర్‌సీఎం వాళ్ల, అంటే రోమన్ కాథలిక్కుల, పాలెం ఉండేది. బడిలో వాళ్ల పిల్లలకూ మాకూ లెక్క కుదిరేది కాదు. మా బైబిల్లో 66 గ్రంథాలు, వాళ్ల దాంట్లో 73. తోబీతు, యూదితు, మక్కబీయులు మాకు లేవు. దొంగ పుస్తకాలని ఒకరు, చింపేసుకున్నారని ఒకరు. తాతయ్య రెండు పక్షాలనూ అరుగెక్కించి కానన్ అనే మాట చెప్పాడు. ఏ గ్రంథాలను ప్రమాణంగా పట్టుకోవాలని ఒక సమాజం ఒప్పుకుంటుందో ఆ పట్టిక పేరు కానన్. అలెగ్జాండ్రియా యూదులు హెబ్రీ గ్రంథాలను గ్రీకులోకి తెచ్చుకున్న సెప్టువజింతులో ఈ ఎక్కువ గ్రంథాలున్నాయి, హెబ్రీ పట్టికలో లేవు. లూథరు 1534లో జర్మన్ బైబిలు అచ్చువేసినప్పుడు వాటిని పారేయలేదు, చదవడానికి మంచివని చెప్పి పాత, కొత్త నిబంధనల మధ్య వేరే ఉంచాడు. ఈ సంగతి విన్నాక తోబీతు కథ వాళ్ల దగ్గర అడిగి చదువుకున్నాం. ఆ గొడవ మళ్లీ రాలేదు.

పెద్దవాళ్లు కూడా వచ్చి కూచునే సాయంత్రాలుండేవి. అవి ఎక్కువగా లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం, ఆమోసు చదివే రోజులు. అప్పుడు మా పాలెంలో భూసంస్కరణల మాట జోరుగా నలుగుతోంది. 1973లో చట్టం వచ్చింది, మిగులు భూమి తీసి పేదలకు పంచుతారని చెప్పుకుంటున్నారు. అట్లాంటి ఒక సాయంత్రం తాతయ్య లేవీయకాండం 25వ అధ్యాయం చదివించాడు. సునాద సంవత్సరం. ఏడేడుల నలభై తొమ్మిది ఏళ్లు గడిచాక, యాభయ్యో ఏట పొట్టేలు కొమ్ము బూర ఊదాలి. అప్పుల వల్ల భూమి పోగొట్టుకున్నవాడి భూమి వాడికి తిరిగి రావాలి, అప్పు కింద పనివాడైనవాడు తన ఇంటికి తిరిగి పోవాలి. అంతదాకా ఆగలేకపోతే దగ్గర బంధువు ఒకడు డబ్బు కట్టి ఆ నేలను విడిపించవచ్చు. హెబ్రీలో ఆ బంధువును గోయెల్ అంటారు. విమోచకుడు, విమోచన అని మనం గుడిలో పాడే మాటలు పుట్టింది ఇక్కడే, పొలం గట్టు మీద, అప్పు పత్రం దగ్గర, అని చెప్పాడు. విమోచన అంటే చచ్చిపోయాక జరిగేదని అప్పటిదాకా అనుకున్న జనం నిటారుగా కూచున్నారు.

"ఏమండీ ఉపదేశిగారూ, ఇది నిజంగా జరిపారా వాళ్లు?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"జరిపినట్టు గ్రంథంలో ఎక్కడా కనపడదయ్యా. కానీ ఆజ్ఞగా రాసి ఉంది. ఇది ఏ రకం రాతో చూడండి. ఇది చరిత్ర కాదు, ఆజ్ఞ. జరిగిందా అని చరిత్రను అడగాలి. ఎందుకు జరపలేదని మనుషుల్ని అడగాలి."

నిబంధన అనే మాట కూడా నాకు అట్లాగే కౌలు కాగితాల మధ్యనే తెలిసింది. మా వైపు కౌలు పత్రంలో నిబంధనలన్నీ కౌలుదారు మీదే ఉండేవి. పంట పోయినా శిస్తు కట్టాలి, గట్టు తెగితే వాడే వేసుకోవాలి. ఆదికాండం 15వ అధ్యాయంలో అబ్రాహాముతో దేవుడు చేసిన నిబంధన తాతయ్య ఆ కాగితాల పక్కన పెట్టి చూపించాడు. ఆ కాలంలో ఒడంబడిక చేసుకునేవాళ్లు పశువులను రెండు ముక్కలుగా కోసి, ఆ ముక్కల మధ్య నుంచి నడిచేవారు. మాట తప్పితే నాకూ ఇదే గతి అని దాని భావం. హెబ్రీలో నిబంధన చేయడాన్ని నిబంధన కోయడం అనే అంటారు. ఆ రాత్రి అబ్రాహాముకు గాఢనిద్ర పట్టింది. ముక్కల మధ్య నుంచి వెళ్లింది పొగలేచే పొయ్యీ, మండే జ్వాలా మాత్రమే. అంటే పూచీ అంతా ఒక్క పక్షమే, అదీ బలవంతుడి పక్షమే, నెత్తిన వేసుకుంది. పాలెంలో అట్లాంటి కాగితం ఎవరూ చూడలేదు. తాతయ్య ఇంకేమీ అనకుండా పుస్తకం మూశాడు. ఆడవాళ్లు చాలాసేపు లేవలేదు.

ఆమోసు అంటే మగవాళ్లకి ఇష్టం. తెకోవలో పశువులు కాసుకుంటూ మేడిపండ్లతో బతికినవాడు, రాజు గుడికి పోయి నిలదీశాడు. కాలవ గట్టున మాకూ మేడిచెట్టుంది, పశువులు కాసే పిల్లలూ మేమే. ప్రవచనం అంటే రేపేం జరుగుతుందో చెప్పడం అనుకునేవాళ్లే అప్పుడూ ఎక్కువ, ఇప్పుడూ ఎక్కువ. ప్రవక్త అంటే దేవుని తరఫున ఇవాళ్టి సంగతి మాట్లాడేవాడు, రేపటి మాట ఇవాళ్టి అన్యాయం నుంచే పుడుతుంది అని చిట్టాలో ఉంది. చెప్పుల జోడు ఖరీదుకు పేదవాణ్ని అమ్మేస్తున్నారని క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో ఒకడు అన్నాడంటే, ఆ మాట వినడానికి అబ్బురమైన శక్తి ఏమీ అక్కర్లేదు, కూలి లెక్క కళ్లారా చూస్తే చాలు.

1977 నవంబరు 19, శనివారం. ఆ తుపాను పేరు చెబితే అందరూ దివిసీమ అంటారు. ఆ ఉప్పెనలో పోయినవాళ్లు వేలమంది, ఆ దుఃఖానికి సాటి లేదు. గాలి మాత్రం మా వైపూ వచ్చింది. పాలెంలో తాటాకు కప్పులు ఒక్కటీ మిగల్లేదు. గోడలు గట్టివని జనమంతా గుడిలోకి చేరారు. రాత్రికి గుడి పెంకులు కూడా లేచిపోతుంటే పిల్లల్ని బల్ల కిందికి తోశారు. తెల్లారి ఆదివారం. కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుని ఉంది. పక్క ఊళ్ల నుంచి ఒక్కో చావు కబురు వస్తోంది. రేపల్లె వైపు ఇచ్చిన ఆడపిల్లల సంగతి తెలియక తల్లులు గోడలకు ఆనుకుని కూచున్నారు.

గంట కొట్టలేదు. పట్టా ముక్క ఎటు పోయిందో తెలియదు. తాతయ్య తడిసిన బైబిలు తీసి, ఆ వారానికి చదవాల్సిన పాఠాలు పక్కనపెట్టి, విలాపవాక్యాలు తెరిచాడు. మొదటి అధ్యాయం చదువుతూ పోయాడు. పాడుబడిన పట్టణం, విధవరాలైన పట్టణం, ఓదార్చేవాడు లేని పట్టణం. ఒకాయన లేచి, "ఉపదేశిగారూ, ఇట్లాంటప్పుడు ధైర్యం చెప్పే వాక్యం చదవాలి గానీ ఏడుపు చదువుతారేమిటండీ?" అన్నాడు.

తాతయ్య తలెత్తి చూశాడు. "దేవుని గ్రంథంలో ఏడుపుకు వేరే పుస్తకమే ఉందయ్యా. అది ఇట్లాంటి రోజుకే. యెరూషలేము కూలిపోయిన రోజున వాళ్లు ధైర్యం తెచ్చుకోలేదు, ఏడ్చారు. ఆ ఏడుపును దాచిపెట్టి మనకిచ్చారు. విలాపమని దాని పేరు."

తర్వాత యిర్మీయా 9వ అధ్యాయంలో ఒక చోట చదివాడు. శోకాలు పెట్టడం వచ్చిన స్త్రీలను పిలిపించమని, వాళ్లు తమ కూతుళ్లకు ఆ విలాపం నేర్పాలని ప్రవక్త చెప్పే చోటు. నానమ్మ మెల్లగా గొంతెత్తింది. మా వైపు చావు ఇంట రాగం తీసి శోకాలు పెట్టడంలో ఆమె పేరున్న మనిషి. పట్నం నుంచి వచ్చిన ఒకరిద్దరు సువార్తికులు అది క్రైస్తవులకు తగదని ఆమెను ఆపేయించారు. ఆ ఆదివారం తాతయ్య ఆపలేదు. చేలను పేరుపేరునా పిలిచి, తుమ్మచెట్టును పిలిచి, కొట్టుకుపోయిన గేదెను పిలిచి, రేపల్లె వైపున్న పిల్లల్ని పిలిచి ఏడ్చింది. మిగతా ఆడవాళ్లు అందుకున్నారు. ఆ రోజు ప్రసంగం లేదు. ఆమేన్ అన్నది మాత్రం గుర్తుంది.

ఎన్నో ఏళ్ల తర్వాత ఉద్యోగం వల్ల హైదరాబాదు చేరి, లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ లైబ్రరీలో కూచుని చదువుకునే అవకాశం దొరికింది. అక్కడ ఈ మాటలన్నిటికీ పెద్ద పేర్లు కనిపించాయి. హెర్మన్ గుంకెల్ అనే జర్మన్ పండితుడు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కీర్తనలను రకాలుగా విడదీశాడు. స్తుతి, వ్యక్తి విలాపం, సమాజ విలాపం, కృతజ్ఞత, రాజకీర్తన. ప్రతి రకానికీ బతుకులో ఒక చోటు ఉంటుందని, అది ఎక్కడ, ఏ సందర్భంలో పాడారో తెలియకుండా అర్థం చేసుకోలేమని చెప్పి దానికి సిట్జ్ ఇమ్ లేబెన్ అని పేరు పెట్టాడు. దావీదు కీర్తనల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే రకం విలాపమేనని అక్కడే చదివాను. మా ప్రసంగీకులు దాటేసిపోతున్న రకం అదే. 1753లో రాబర్ట్ లౌత్ హెబ్రీ కవిత్వానికి ప్రాణం సమాంతరతే అని చూపించాడు, ముందు సగం చెప్పినదాన్ని రెండో సగం ఇంకో వైపు నుంచి తిరిగి అనడం. నానమ్మ శోకాల్లో ప్రతి వరసా అట్లాగే రెండుసార్లు తిరిగేది.

విలాపవాక్యాల గురించి చదువుతుంటే కొంతసేపు పేజీ తిప్పలేకపోయాను. అందులో అయిదు అధ్యాయాలు. మొదటి నాలుగూ 119వ కీర్తన లాగే హెబ్రీ అక్షరాల వరసలో కట్టినవి. ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాలకు 22 వచనాలు, మూడోదానికి అక్షరానికి మూడేసి చొప్పున 66. అయిదో అధ్యాయానికి కూడా వచనాలు 22 ఉన్నాయి, అక్షరాల వరస మాత్రం లేదు. దుఃఖాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వరసలో పెట్టడానికి నాలుగు సార్లు పూనుకున్న కవి, అయిదోసారి ఆ వరసను వదిలేశాడు. యూదులు ఇప్పటికీ ఆబ్ నెల తొమ్మిదో రోజున నేల మీద కూచుని దీన్ని చదువుతారు. మేమూ తెలియకుండానే తడినేల మీద కూచుని చదివాం.

పాత నిబంధన అని మనం పిలిచే గ్రంథాలు యూదులకు పాతవి కావు, అవే వాళ్ల లేఖనాలు. వాటిని తనఖ్ అంటారు. తోరా, నెవియీం, కెతువీం, అంటే ధర్మశాస్త్రం, ప్రవక్తలు, ఇతర గ్రంథాలు, ఈ మూడు పేర్ల మొదటి అక్షరాలు కలిపిన మాట అది. మన 39 గ్రంథాలే వాళ్ల లెక్కలో 24. వరస కూడా వేరు. మనది మలాకీతో ముగిస్తే వాళ్లది దినవృత్తాంతాలతో ముగుస్తుంది. దేవుని పేరు రాసి ఉన్న చోట వాళ్లు ఆ పేరు పలకరు, అదోనాయ్ అని చదువుతారు. అచ్చులు లేని ఆ నాలుగు హల్లులకు అదోనాయ్‌లోని అచ్చులు చేరడం వల్లే యెహోవా అనే రూపం వచ్చింది. ఆ అచ్చుగుర్తులు కనిపెట్టి, లేఖనంలో అక్షరాలు సైతం లెక్కపెట్టి కాపాడినవాళ్లు మసోరెతులు. వాళ్ల పద్ధతిలో పూర్తిగా దొరికిన అతి పాత ప్రతి 1008 నాటిది. 1947లో మృతసముద్రం పక్కన కుమ్రాను గుహల్లో బెదూయిను కాపరులకు దొరికిన యెషయా చుట్ట దానికన్నా వెయ్యేళ్లకు పైగా పాతది. రెండిటినీ పక్కపక్కన పెడితే అక్కడక్కడ తేడాలున్నా గ్రంథం ఒకటే. చేతిరాతతో నకలు తీసినవాళ్ల భక్తి ఎట్లాంటిదో దాన్నిబట్టి తెలుస్తుంది.

మా పాలేనికి దూరమేమీ కాని కొత్తరెడ్డిపాలెంలో, చేబ్రోలు పక్కనే, తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి. తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటారు, 1990ల మొదట్లో సొంత సమాజమందిరం పెట్టుకున్నారు. సమాజమందిరం, విశ్రాంతి దినం, పస్కా మనకు బైబిల్లోని పాత మాటలు. ఆ ఊళ్లో అవి ప్రతి వారం, ప్రతి ఏడూ ఆచరించే సంగతులు. యూదులను పరిసయ్యులనీ, పరిసయ్యులంటే వేషధారులనీ తేలిగ్గా ప్రసంగించేవాళ్లు అక్కడికి ఒకసారి వెళ్లి కూచుంటే మంచిది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు పిల్లల చేతుల్లో ఫోను ఉంది, ఫోనులో బైబిలుంది, ఏ వచనమైనా క్షణంలో దొరుకుతుంది. ముందూ వెనకా లేని ఒక వచనం, పక్కన పువ్వు బొమ్మ. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ దుఃఖంలోనో ఏ కోపంలోనో అన్న మాటో అడగకుండానే అది మన కోసమే రాసినట్టు పంచుకుంటున్నాం. అధ్యాయాలుగా విడదీసింది 13వ శతాబ్దంలో. కొత్త నిబంధనకు ఇప్పటి వచనాల అంకెలు వేసింది 1551లో రాబర్ట్ ఎస్తియన్ అనే అచ్చుపనివాడు. ఆ అంకెలు వెతుక్కోవడానికి పెట్టినవి, తెంచుకోవడానికి పెట్టినవి కావు. వాక్యాన్ని తెంచి పట్టుకున్నవాడు దానితో ఎవరినైనా భయపెట్టగలడు, ఎవరి దగ్గరైనా కానుకలు లాగగలడు. నిబంధన, శేషం, విలాపం, సునాదం అనే మాటలు తెలిసిన పాలెం ఆడవాళ్ల ముందు ఆ ఆటలు సాగలేదు. నేను కళ్లారా చూశాను.

తాతయ్య చిట్టా ఇప్పుడు నా దగ్గరుంది. కొన్ని పేజీలు తుపాను నీళ్లకు అలుక్కుపోయాయి, చాలావరకు చదవడానికి వీలుగానే ఉంది. ఇట్లాంటి చిట్టాలు ఇంకా ఎన్నో ఇళ్లలో, అటకల మీద, ట్రంకుపెట్టెల్లో ఉండి ఉంటాయి. ఉపదేశుల పిల్లలూ, మనవలూ ఇది చదువుతుంటే నాదొక్క విన్నపం. ఇల్లు దులిపేటప్పుడు వాటిని పాత కాగితాల వాడికి వేయకండి. ఏదైనా థియలాజికల్ కాలేజీ లైబ్రరీకి అప్పగించండి, ముందు ఒక జిరాక్సు తీసి మీ గుడి సండే స్కూలు టీచరు చేతిలో పెట్టండి.